కాలర్ ఉంటేనే లోపలికి

మా ఆయన అక్క దర్జీ. కొత్తవి కుట్టడం కంటే పాతవి సరిచేయడమే ఆమెకు ఎక్కువ పని. ఫ్యాంట్లు పొట్టి చేస్తుంది, నడుములు వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. బట్ట ఇచ్చినవాళ్ళ లావు గురించి రెండు మాటలు అననిదే ఆమెకు సూదిలో దారం ఎక్కదు. అయినా వాళ్ళు మళ్ళీ ఆమె దగ్గరకే వస్తారు.

మా ఆయన పోయాక ఆమె తన కుట్టుమిషను తెచ్చి మా ముందుగదిలో కిటికీ పక్కన వేసుకుంది. నాకు తోడుగా అని అనలేదు, తన గదిలో వెలుతురు చాలడం లేదంది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను.

ఒకసారి ఫ్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, అది గోల్ఫ్ ఆటకని చెప్పాడు. ఆ పచ్చటి మైదానాన్ని ఏళ్ళ తరబడి బస్సు కిటికీలోంచి చూస్తూ, ఎవరో గొప్పవాళ్ళ సొంతమనుకునేది వదిన. కాదు, ఎవరైనా రావచ్చు, కర్రలు కూడా అక్కడే అద్దెకిస్తారు అన్నాడాయన. ఇక ఆమె కాలు నిలవలేదు. ఒక్కసారైనా ఆ గడ్డి మీద నిలబడి బంతి కొట్టాలి, పక్కన నేనుండాలి. ఏ బస్సెక్కాలో, ఏ వేళకు ఎండ తగ్గుతుందో అన్నీ ఆలోచించింది. నేను కూరకు కడిగిపెట్టిన బంగాళాదుంపను నేల మీద పెట్టి, బట్ట కొలిచే బద్దతో కొట్టి చూసింది. దుంప మంచం కిందకు పోయింది, కూర ఆలస్యమైంది.

ఆదివారానికి అంతా సిద్ధమనుకున్నాక మైదానం వాళ్ళకు ఫోన్ చేసింది. కాలర్ ఉన్న చొక్కా లేకపోతే ఆడనివ్వరట. వెంటనే నా కుర్తీకి ఒక కాలర్ కుట్టి తొడిగింది. అద్దంలో చూసుకుంటే బడికి ఆలస్యమైన పిల్లలా ఉన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆమె చూపు బీరువా మీదకు పోయింది. అందులో మా ఆయన చొక్కాలున్నాయి. ఉతికి సర్ది మూసిన ఆ తలుపు నేను మళ్ళీ తీయలేదని ఆమెకు తెలుసు.

"వద్దులే అమ్మాయ్, బస్సులోంచి చూసింది చాలు" అని మిషను ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఎవరి చొక్కాకో గుండీలు కుడుతూ ఆమె ఎవరి లావునూ తిట్టలేదు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను.

బీరువా తీసి, రెండు నీలం చొక్కాలు తెచ్చి మిషను మీద పెట్టాను. ఆమె ఒకటి నా భుజాలకు పట్టి చూసింది. చేతులు జానెడు పొడుగు. కత్తెర పెట్టనంది. లోపలికి మడిచి, లాగితే వచ్చేసే కచ్చాకుట్టు వేస్తుందట. ఇంటికొచ్చాక విప్పేస్తే వాడి చొక్కా వాడికే ఉంటుందట.

"బంతి కొట్టేటప్పుడు ఊడిపోతే?" అన్నాను.

"నలుగురూ నవ్వుతారు."

"అయితే కత్తిరించెయ్యండి."

"ఆలోచించుకోవే. కత్తిరించాక మళ్ళీ అతకదు."

"నా చేతులు ఎంత పొట్టో చూడండి. కత్తిరించెయ్యండి వదినా."

ఆమె సుద్దతో గీత గీసింది. వంకరపోయింది. తుడిచి మళ్ళీ గీసింది. కత్తిరించిన మొదటి ముక్కను ముక్కుకు ఆనించుకుంది.

"ఎన్ని కలరా ఉండలు పెట్టావే తల్లీ, మనం వెళ్తే ఆ మైదానంలో పురుగన్నది మిగలదు" అంది. తర్వాత రెండో చెయ్యి కత్తిరించింది.