ఆఖరి బండి నాదే

ఆ రోజుల్లో నన్ను నేను ఇంట్లో అద్దంలో కంటే బండి ట్యాంకు మీద మెరుపులోనే ఎక్కువగా చూసుకునేవాణ్ణి. రొయ్యల మేత అమ్మే కంపెనీలో కొత్తగా చేరాను. చెరువు గట్ల వెంట తిరిగే ఆ ఉద్యోగానికి చిన్న బండి చాలు. నేను మాత్రం పెద్ద బండి కొన్నాను. బండి కొన్నాక తోలు జాకెట్టు కొనకపోతే బాగుండదని అదీ కొన్నాను. రామచంద్రపురం ఉక్కలో అది వేసుకుని, చెమటలు కక్కుకుంటూ కిళ్ళీకొట్టు దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. ("ఒంట్లో బాలేదేంట్రా, చలేస్తోందా?" అని నాన్న కంగారుపడ్డారు కూడా.) మా వైపు నేలంతా అరచేయిలా చదునుగా ఉంటుంది. అప్పటికి నేను బండి మీద ఎక్కిన పెద్ద ఎత్తు కాలవ వంతెన.

అయినా ఏటా చలికాలంలో మారేడుమిల్లి కొండల్లో జరిగే బైకుల కలయికకి పేరిచ్చాను. అంతటితో ఊరుకోకుండా, ఎవరూ అడక్కపోయినా "ఘాట్ రోడ్లు మనకేం కొత్త కాదండి" అని వాట్సాప్ గ్రూపులో రాశాను. ఆ గ్రూపుకి పెద్ద, భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన. అందరూ కెప్టెన్‌గారనేవారు. (ఆయన సైన్యంలోనూ లేరు, క్రికెట్టూ ఆడలేదు.) నా ముక్క చదవగానే ఆయన, "అయితే స్వీప్ మీరేనండి" అని రాశారు. బళ్ళన్నీ వరసగా వెళుతుంటే అందరికంటే వెనక ఉండి, దారిలో ఆగిపోయినవాళ్ళని చూసుకునే ఆఖరి బండినే స్వీప్ అంటారు. బాగా చెయ్యి తిరిగినవాళ్ళకే ఆ పని ఇస్తారట. ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

బయల్దేరే ముందురోజు మా పెద్దత్త, అంటే నాన్న అక్కగారు, ఊడిపడింది. ఆవిడ కూతురి కాపురం మారేడుమిల్లిలో. "ఎలాగూ వెళుతున్నావుగా, నన్నూ దింపెయ్" అంది.

"అత్తా, ఇది మామూలు ప్రయాణం కాదు. రైడు."

"రైడుకే వస్తాన్రా. బస్సంటే నాకు వాంతులు."

నేను నాన్న వైపు చూశాను. "అక్కని తీసుకెళ్ళనంటే బండి తాళం ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారాయన. తాళం లేకుండా రైడుకి ఎలా వెళ్ళడమో నాకు తెలియక ఒప్పేసుకున్నాను.

పొద్దున్నే రాజమండ్రిలో అందరం కలిశాం. నల్ల జాకెట్ల మధ్య మా అత్త పట్టుచీరలో పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో పూతరేకుల డబ్బా పెట్టుకుంది. కూతురి పెరట్లో నాటడానికి తెచ్చిన కొబ్బరి మొక్క నా సంచిలోంచి ఆకులు బయటికి చాపి జెండాలా ఊగుతోంది. కొప్పు మీద హెల్మెట్ నిలవడం లేదు. కెప్టెన్‌గారు వచ్చి ఆవిడకి నమస్కారం పెట్టి, స్వయంగా దాని పట్టీ బిగించి, నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ మౌనాన్ని గౌరవమనుకున్నాను.

రంపచోడవరం దాకా దర్జాగానే వెళ్ళాను. కొండ మొదలయ్యాక ముందున్న బళ్ళు ఒక్కొక్కటే మలుపుల్లో మాయమయ్యాయి. "ఒరేయ్, కాస్త గట్టిగా పోనీరా. మనల్ని సైకిలు కూడా దాటేసేలా ఉంది" అంది అత్త. అంతలో నిటారుగా ఒక మలుపు వచ్చింది. ఏ గేరు వెయ్యాలో తెలియక ఉన్నవన్నీ వేసి చూశాను. బండి ఆగిపోయి, తీరిగ్గా వెనక్కి జారడం మొదలెట్టింది.

"అత్తా, దిగు!"

"నువ్వు ఆపితే దిగుతాన్రా!"

ఇద్దరం కలిసే దిగాం, పక్కనున్న పొదలోకి. అదృష్టం కొద్దీ దెబ్బలేమీ తగల్లేదు. పూతరేకులు మాత్రం పొడైపోయాయి, క్లచ్ పిడి విరిగి చేతికొచ్చింది. ఫోనుకి సిగ్నల్ లేదు. ఆగిపోయినవాళ్ళని స్వీప్ వచ్చి చూసుకుంటాడు. ఆ స్వీప్ ఇక్కడ పొదలో కూర్చుని ముళ్ళు పీక్కుంటున్నాడు.

కాసేపటికి కింద నుంచి ఒక వ్యాను వచ్చింది. వెనకంతా మేకలే. అత్త రోడ్డుకడ్డంగా నిలబడి ఆపింది. "బైకులోళ్ళ మీటింగుకేనండి, బిర్యానీకి" అన్నాడు డ్రైవరు. బండిని వెనక్కి ఎక్కించాం. ముందు సీటు అత్తది. నేను జాకెట్టుతో, హెల్మెట్‌తో మేకల మధ్య నిలబడ్డాను. కొండ పైకి చేరేసరికి అవి కొబ్బరి మొక్కని మొదలంటా తినేసి నా చేతి తొడుగుల మీద పడ్డాయి.

పైన అందరూ ఆఖరి బండి కోసం ఎదురుచూస్తూ, ఫోటో తీద్దామని ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. తీశారు కూడా. నవ్వులు ఆగేదాకా చూసి మా అత్త వ్యాను దిగింది. దారి పొడుగునా "అందరికీ చెప్తాను, ఉండు" అని బెదిరించిన మనిషి, "మావాడి తప్పేం లేదండి. నాకే కళ్ళు తిరిగి వాణ్ణి పట్టుకు లాగేశాను. నన్ను కాచుకోబోయి పడ్డాడు" అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. నా మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

భోజనాలయ్యాక కెప్టెన్‌గారి పక్కకి చేరాను. "నిజానికి మా అత్తకేం కళ్ళు తిరగలేదండి..." అన్నాను.

"తెలుసండి. ఘాట్ రోడ్లు కొత్త కాదని ముందే చెప్పేవారు ఏటా ఒకరుంటారు."

"మరి స్వీప్ నాకెందుకిచ్చారండీ?"

"వరస మధ్యలో మీరు ఆగితే వెనకాల వాళ్ళు గుద్దేస్తారు కదండీ. అందుకే ఆఖర్న పెట్టాను. మీ వెనక నెమ్మదిగా రమ్మని మేకల వ్యానుకి చెప్పింది కూడా నేనే."

ఆ సాయంత్రం క్లచ్ పిడి కొత్తది వేయించుకుని, అత్తని కూతురింట్లో దింపాను. మర్నాడు మలుపు మలుపుకీ ఏ గేరు వెయ్యాలో పక్కనే వస్తూ చెప్పారు కెప్టెన్‌గారు.

ఇప్పుడు నాకు నడుంనొప్పి ఉంది, కారు ఉంది. ఎంత కొండైనా చక్కగా ఎక్కి, చక్కగా దిగి, ఇంటికొచ్చేస్తాను. "ఎలా జరిగింది ప్రయాణం?" అని ఎవరైనా అడిగితే "బాగానే జరిగిందండి" అంటాను. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. ఏమీ రాకపోయినా అన్నీ వచ్చనుకుని బయల్దేరిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాను, నవ్వాక కాసేపు కుళ్ళుకుంటాను.