డ్రిల్ సార్ పట్టు

మొన్న మంగళవారం మా డ్రిల్ సార్ పోయారు. కోరుట్లలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే ఫోను వచ్చింది. ఒకప్పుడు నాతో కబడ్డీ ఆడినవాడు సిరిసిల్ల నుంచి మాట్లాడాడు. "సార్ పోయిండురా, జల్ది రా" అన్నాడు. బస్టాండు చేరేలోపే మా పాత విద్యార్థుల వాట్సప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతుల బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు దండాలు గిట్టవు. ఎవరైనా కాళ్లు మొక్కబోతే "ఎట్లాగు వంగినవ్ గదా, గా రాయి తీసెయ్" అనేవారు.

రాళ్ల పిచ్చి ఆయనది. మాది సిరిసిల్ల నడిబొడ్డున సర్కారు హైస్కూలు. మైదానం అని పేరే గానీ, నూలు లారీలు మళ్లే ఖాళీ జాగా అది. మేం వచ్చేసరికి సార్ ఒక్కరే వంగి రాళ్లు, గాజుపెంకులు ఏరి ప్యాంటు జేబులో వేసుకుంటూ కనిపించేవారు. సార్ భార్యను మేం అమ్మ అనేవాళ్లం. చిరిగిన జేబులు కుట్టలేక ఆమెకు విసుగొచ్చేది. అయినా మా మోకాళ్లు, మోచేతులు ఎప్పుడూ చెక్కుకుపోయే ఉండేవి. మగ్గాల పనివాళ్ల పిల్లలం, వాటికి పసుపు రాసుకుని మళ్లీ ఆడేవాళ్లం.

ఒకసారి బక్కపిల్లాడొకడు మా వైపు కూతకు వచ్చాడు. జాలిపడి నేను పట్టు సడలించాను. వాడు గీత ముట్టి గంతులేశాడు. సార్ అందరి ముందూ నా చెంప పగలగొట్టారు. "వాడు గెల్వనీకి అచ్చిండు, అడుక్కోనీకి రాలే. దొంగపట్టు పడితే వాన్ని చులకన చేసినట్టేరా" అన్నారు. ఆ మాట ఆయన రోజూ అనేవారు. నాకు బుర్రకెక్కడానికి మాత్రం ముసలితనం దగ్గరపడాల్సి వచ్చింది.

అది అన్నల కాలం, నక్సలైట్లను అట్లాగే పిలిచేవాళ్లం. పొద్దున లేస్తే బస్సు తగలబడిందనో, ఎవరినో ఇంట్లోంచి లాక్కెళ్లి నడిబజారులో కాల్చేశారనో వినేవాళ్లం. ఇంకోనాడు ఎన్‌కౌంటర్ అని చెప్పి ట్రాక్టర్ ట్రాలీలో శవాలు తెచ్చేవారు. మా జట్టు ముందటేడు కెప్టెన్ అడవికి పోయి, ఆరు నెలలకు అలా ట్రాలీలోనే తిరిగొచ్చాడు. వాళ్ల నాన్న ఇంట్లోనే కూలబడితే, పోయి గుర్తుపట్టి వచ్చింది సారే. ఆ రోజుల్లో పోలీసులు బస్సులాపి పడుచువాళ్ల మోచేతులు, మోకాళ్లు చూసేవారు. దళంలో పాకడం నేర్పితే అక్కడ చర్మం లేస్తుందని వాళ్ల లెక్క.

పదో తరగతిలో కోరుట్లలో పోటీలు జరిగితే జగిత్యాల జట్టును ఓడించాం. తిరుగు ప్రయాణంలో నేనొక్కణ్నే రుద్రంగిలో చిన్నమ్మ ఇంట్లో దిగిపోయాను. మర్నాడు పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను. అంతకు రెండు రోజుల ముందే మందుపాతర పేలి పోలీసు జీపు తునకలైంది. బస్సు ఆపారు. చొక్కా చేతులు పైకి లాగి చూసి నన్ను కిందికి దింపారు.

ఏ ఠాణా అన్నది చెప్పను. బెంచీకి కట్టేసి అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. జీపుతో పాటు చచ్చిపోయిన డ్రైవరు అక్కడి ఎస్సై దగ్గర ఐదేళ్లు పనిచేశాడట. ఒక్కో దెబ్బకూ అతని పేరు చెప్పి కొట్టాడు. పక్క గదిలో ఎవరో అరుస్తూ అరుస్తూ ఒక్కసారిగా ఆగిపోయారు. అరుపుల కంటే ఆ ఆగిపోవడానికే నేను ఎక్కువ వణికాను.

మా జట్టును ఎరిగిన కండక్టరు పోయి సార్‌కు చెప్పాడు. మధ్యాహ్నానికి సార్ పోటీల సర్టిఫికెట్ పట్టుకుని వచ్చారు. ఎస్సై దాన్ని చింపేశాడు. మీ జట్టులోంచే కదా ఒకడు అడవికి పోయాడు అన్నాడు.

"పోయినోన్ని ఆపలేకపోయిన. గీన్ని తీస్కపోనీకి అచ్చిన" అన్నారు సార్.

"ఆటగాడైతే ఆడి చూపించమను. నువ్వే పట్టుకో. గీత ముట్టాడా, తీసుకుపోదువు. వదిలేసినట్టు అనిపించిందా, ఇద్దరూ ఇక్కడే ఉండిపోతారు."

ఠాణా వెనక పెరట్లో ఎస్సై బూటుతో గీత గీశాడు. సార్ ముందు వంగి, ఆ జాగాలో రాళ్లన్నీ ఏరి జేబులో వేసుకున్నారు. కానిస్టేబుళ్లు నవ్వారు. నేను కూత మొదలుపెట్టాను. వాచిన కాళ్లు నేల మీద ఆనడం లేదు. సార్ భుజం తాకి వెనక్కి తిరిగానో లేదో ఆయన నా చీలమండ దొరకబుచ్చుకున్నారు. బోర్లా పడ్డాను. మోచేతులు మళ్లీ చీరుకుపోయాయి. గొంతులో కూత ఆగకుండా, మట్టి నోట్లోకి పోతున్నా పాకాను. ఒక్క గుంజు గుంజేసరికి కాలు ఆయన పట్టులోంచి ఊడి వచ్చింది. నా వేళ్లు గీతకు తగిలాయి.

ఎస్సై బూటుతో ఆ గీతను చెరిపేశాడు. తర్వాత "తీసుకుపో" అన్నాడు. సార్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నారు, లోపల రాళ్లు కదిలిన చప్పుడైంది. ఎడమచేత్తోనే నన్ను వీపుకెత్తుకుని బస్సు దాకా మోశారు. మర్నాడు వేలికి గుడ్డ కట్టుకుని బడికి వచ్చారు. ఏమైందంటే తలుపు సందులో పడ్డదన్నారు. ఆ వేలు వంకరగా అతుక్కుంది, మళ్లీ ముడుచుకోలేదు.

సార్ వదిలేశారు కాబట్టే బతికానని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆయన రిటైరైన సభలో మైకు పట్టుకుని చెప్పి ఏడ్చాను. జనం చప్పట్లు కొట్టారు. సార్ తన కాళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. నిజమేనా అని విడిగా అడిగితే "చాయ్ తాగుతవా" అనేవారు.

మంగళవారం సార్ ఇంట్లో ఆ మాటే అమ్మతో అన్నాను, వదిలేసి నన్ను బతికించిండని. ఆమె నా వైపు చూసింది.

"ఎవలు వదిలిండ్రు? గా దినం ఇంటికచ్చి బువ్వ కలుపుకోలేకపోయిండు, నేనే తినిపిచ్చిన. 'పానం పెట్టి పట్టిన, అయినా నా ఏలు ఇరగ్గొట్టి గుంజుకపోయిండే' అని ఒక్కటే సంబురం. నువ్వు ఊర్ల గట్ల చెప్పినప్పుడల్లా అన్నం ముట్టకపోతుండె."

నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"నిజంగ పట్టిన్నని తెలిస్తే నన్ను చూసి భయపడ్తడే అన్నడు."

అవును, భయపడేవాణ్నే. ఇప్పుడూ భయమే. ఆ పెరట్లో నేను గీత దాకా రాలేకపోయి ఉంటే? ఆయన మాత్రం వస్తానని నమ్మి పట్టారు. నేను ఆ పట్టును ఇన్నేళ్లూ దొంగపట్టు అని ఊరంతా చాటాను.

పాడెకు కుడివైపు భుజం పట్టాను. బొటనవేళ్లు కలిపి కట్టిన సార్ చేతుల మీద దండలు వేశారు. వాటి కింద నుంచి వంకర వేలు ఒక్కటే బయటికి వచ్చి ఉంది. దాన్ని లోపలికి సర్దమని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను సర్దలేదు.