స్టేషను అలిగింది

ఆ రోజుల్లో అంటే మరీ ముత్తాతల నాటి మాటేం కాదు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, ఒక్కో ఫోనులో రెండేసి సిమ్ములు కూడా పడ్డాయి. అలాంటి కాలంలో మంచిర్యాలలో మేం కొందరం పనిగట్టుకొని పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకొని, డాబా మీద తీగలు కట్టుకొని, ఒక డబ్బా ముందు కూర్చొని గాలిలోకి మాట్లాడేవాళ్లం. దాన్నే హామ్ రేడియో అంటారు. జీతం లేదు, బత్తెం లేదు. వానకో వరదకో సెల్ టవర్లు మూగబోయిన నాడు కబురు అటూ ఇటూ చేరవేసేది మేమేనని మా నమ్మకం. ఆ నాడు ఎంతకీ రాకపోవడమే మా దిగులు. (ఊరికి ఆపద రావాలని కోరుకోకూడదు, నిజమే. మేం కోరుకోలేదు. మబ్బు పట్టినప్పుడల్లా ఆకాశం వంక కొంచెం ఆశగా చూసేవాళ్లం, అంతే.) మా అవ్వ, అంటే అమ్మ, మాత్రం నా సెట్టు కనబడినప్పుడల్లా, "ఫోన్ల ఫుకట్ల మాట్లాడేదానికి గీ డబ్బాల ఒర్రుడెందుకే?" అనేది. నేనేమో డిగ్రీ చదువుతున్న పిల్లను, పైగా లోకాన్ని రక్షించబోతున్న దాన్ని. అవ్వకు జవాబు చెప్పడం నా స్థాయికి తగదని ఊరుకునేదాన్ని.

మా గురువు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మోర్స్ కోడ్ నేర్పిస్తూ నేర్పిస్తూ మామూలు మాటల్లో కూడా చుక్కలూ గీతలూ వచ్చేసి, ఆయనకు చుక్క-గీత సారు అనే పేరు స్థిరపడింది. భోజనానికి పిలిస్తే "వస్తా" అనేవారు. ఎప్పుడు వస్తారో రెండోసారి అడగాలి. "రేడియోలో ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే మిగతా లోకమంతా వినాల్సిందే. నొక్కినంతసేపు ఇంకొకరి మాట నీకు వినబడదు. అందుకే తక్కువ మాట్లాడు. ఓవర్ అను. బటన్ వదులు," అని మాకు రోజూ పాఠం. 'ఓవర్' అంటే నా మాట అయిపోయింది, ఇక మీ వంతు అని అర్థం. ఆ మాటంటే నాకు ఎంత మోజంటే, ఇంట్లో అన్నం పెట్టమని అడిగి కూడా చివర ఓవర్ అనేదాన్ని. "నువ్వే ఓవర్ చేస్తున్నవ్," అని అవ్వ గరిటెతో బెదిరించేది. ఆ బెదిరింపులో నాకొక హెచ్చరిక ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

తక్కువ మాట్లాడటం మా వంశంలో లేదు. ముఖ్యంగా మా మేనత్తకు లేదు. జైనూర్ అవతల కొండల నడుమ ఒక చిన్న ఊళ్లో ఆమె ఇల్లు. మంచిర్యాల వచ్చిందంటే బస్సు మెట్లు దిగుతూనే ముచ్చట మొదలుపెట్టేది, తిరిగి బస్సెక్కి కిటికీలోంచి ముగించేది. ఆమె ఫోను చేస్తే మా బాపు కాసేపు విని, ఫోనును మంచం మీద పెట్టి, స్నానం చేసి వచ్చి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకొని "అవునా చెల్లే" అనేవాడు. ఎప్పుడూ సరిగ్గా సరిపోయేది. అత్త కొడుకును మేం తీగల బావ అనేవాళ్లం. నాతో పాటే పరీక్ష రాసి, సొంత ఇంట్లో సెట్టు పెట్టి, ఇంటి వాసం నుంచి ఇప్పచెట్టు దాకా తీగ లాగాడు. కొడుకు తన కోసం దండెం కట్టాడనుకొని అత్త ఎంతో మురిసిపోయింది. అత్త చీరలు ఆరేసిన నాడు బావ గొంతు నాకు సగమే వినబడేది.

మేం ఆశగా చూసిన ఆకాశం చివరికి మా మాట వింది, కానీ మేం అడిగినదానికన్నా ఎక్కువే వింది. ఆ ఏడు వానాకాలంలో ముసురు పట్టి వదల్లేదు. వాగులు పొంగాయి, కరెంటు పోయింది, కొండల్లోని టవర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు ఆసిఫాబాద్‌లో ఒక ఆఫీసు వరండాలో మాకో బల్ల ఇచ్చారు. సారూ నేనూ సెట్టు పెట్టుకొని కూర్చున్నాం. అక్కడి పెద్ద సారు, పడవ వేసుకొని వచ్చిన రక్షణ బృందం, ఒక నర్సు, అందరూ ఉన్నారు. పొద్దున్నే గరగరల మధ్య బావ గొంతు వచ్చింది. వాళ్ల పక్కింట్లో జాకెట్లు కుట్టే పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. మొదటి కానుపు. భర్త దుబాయిలో ఉన్నాడు. ఊరికి రెండు వైపులా వాగులు. పడవను ఏ వైపుకు తేవాలో చెప్పడానికి బావ వాగు చూడబోతున్నాడు. రెండు దారులూ కొండకు రెండు పక్కల, తప్పు దారిలో జీపు పోతే మళ్లీ తిరిగి రావడానికే సగం దినం పడుతుంది. "అవ్వను సెట్టు ముందల కూసోబెడుతున్న, బటన్ ఎట్ల నొక్కాల్నో చెప్పిన. ఓవర్," అన్నాడు బావ. ఎట్లా వదలాలో చెప్పాడో లేదో నేను అడగలేదు.

కాసేపటికి సెట్టు పలికింది. "కోడలా! నువ్వేనా? తిన్నవా? మీ బావ ఇంక రాలే. ఒర్రె దాటి పోయిండట, ఎన్క నుంచి ఒర్రెల నీళ్లు నిండినయట, గాడనే ఆగిండట, పానానికేం ఫికర్ లేదు, గట్టు మీదనే ఉన్నడు. నువ్వు పోయిన దసరాకు సుత రాకపోతివి. బర్రె దగ్గుతున్నది. గొర్లాయన వచ్చి పెద్దవాగు కల్వర్టు కొట్టుకవోయిందని చెప్పిండు, ఇప్పచెట్ల దిక్కయితే నీళ్లు పరుసుకొని నిమ్మలంగ పోతున్నయట, గాయిన భార్యకు మోకాళ్ల నొప్పులు, మీ అవ్వకు ఎట్లున్నయి..." పెద్ద సారు వచ్చి నిలబడ్డారు. పడవ వాళ్లు వచ్చి నిలబడ్డారు. "ఆమెను ఒక్క నిమిషం ఆపమనండి," అన్నారు పెద్ద సారు. "ఆపలేం సార్, బటన్ ఆమె చేతిలో ఉంది," అన్నాను. చుక్క-గీత సారు తల పట్టుకున్నారు. రాష్ట్రంలో ఎక్కడెక్కడి హామ్ రేడియో వాళ్లో మా కోసం గొంతు విప్పకుండా వింటున్నారు. వాళ్లందరికీ నా పెళ్లి సంబంధం ఒకటి ఎందుకు తప్పిపోయిందో ఆ పూట తెలిసిపోయింది.

దగ్గు వచ్చిందో ఏమో, అత్త బటన్ వదిలింది. సందు దొరికిందే చాలని నేను నేర్చుకున్న విద్యంతా ఒకే ఊపిరిలో ప్రదర్శించాను. "అత్తా, అవసరమైంది మాత్రమే చెప్పు, ఓవర్!"

గాలి ఒక్క క్షణం గరగరమంది. తర్వాత అత్త గొంతు, చాలా నెమ్మదిగా. "ఓవర్ చేస్తున్ననానే నేను? పిల్ల గక్కడ నొప్పులు పడుతుంటే పొయ్యి మీద నీళ్లు వెట్టి, బర్రెను ఇడిసిపెట్టి, నీ డబ్బా ముందల కూసుంటే నేను ఓవర్ చేస్తున్ననా? మీ బాపు సుత నన్ను గింత మాట అనలే." బటన్ వదిలిన టక్కు వినిపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలుకు లేదు.

"ఏమైంది? సెట్టు పాడైందా?" అన్నారు పెద్ద సారు.

"లేదు సార్. అలిగింది."

"ఎవరు?"

"స్టేషను, సార్."

చదివిన పుస్తకాల్లో బ్యాటరీ పడిపోతే ఏం చేయాలో ఉంది, తీగ తెగితే ఏం చేయాలో ఉంది. స్టేషను అలిగితే ఏం చేయాలో ఎక్కడా లేదు. నా తెలివి వల్ల అక్కడ ఒక పిల్ల ఒంటరిదైపోతుందని భయమేసింది, ఏడుపొచ్చింది. "తప్పయింది అత్తా," అన్నాను. "ఓవర్ అంటే నిన్ను అనలే, నా మాట అయిపోయింది, నువ్వు చెప్పు అని," అన్నాను. చుక్క-గీత సారు నా భుజం తట్టి, తన జీవితంలోనే పొడవైన వాక్యం చెప్పారు. "రేడియో సంగతి మరిచిపో అమ్మా, ఇంట్లో మీ అత్త అలిగితే మీ బాపు ఏం చేస్తాడో అది చెయ్యి." నాకు వెంటనే వెలిగింది. బటన్ నొక్కి, "అత్తా, మక్క గారెలల్ల అల్లం ఎయ్యొద్దట గదా, మా అవ్వ చెప్పింది," అన్నాను.

సెట్టు పగిలిపోతుందేమో అన్నంతగా అరిచింది. "ఎవలన్నరే? మీ అవ్వనా? మా వదినకు గారెల సంగతి ఏం తెలుసే! ఆమె చేసిన గారెలు తిని మీ బాపు..." వరండా అంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకొని నవ్వింది. (బాపు ఏమయ్యాడో ఇక్కడ రాయను. రాష్ట్రానికి తెలిసింది చాలు.) అత్త ఊపిరి తీసుకోగానే, ఈసారి ఓవర్ అనే మాట నాలుక చివరిదాకా వస్తే మింగేసి, "పడవ ఏ దిక్కుకు తేవాలె? నువ్వు చెప్పినంక బటన్ ఇడువు. ఇగ చెప్పు అత్తా," అన్నాను.

"విన్ననే కోడలా. మొదలే చెప్తి గదనే, పెద్దవాగు కల్వర్టు పోయింది, ఇప్పచెట్ల దిక్కుకే రమ్మని!"

పెద్ద సారు నా వైపు చూశారు. నేను చుక్క-గీత సారు వైపు చూశాను. తక్కువ మాటల కోసం చెవులు కోసుకునే మా ఇద్దరి చెవుల్లోంచే ఆ మాట బర్రె దగ్గుకూ మోకాళ్ల నొప్పులకూ నడుమ జారిపోయింది. ఏమైతేనేం, జీపు ఇప్పచెట్ల దారి పట్టింది. అందులో మా వాళ్లలో ఒకాయన సెట్టుతో కూర్చున్నాడు.

ఇక నర్సు వంతు. నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపో అడగమంది. "గడియారం ఏడ ఉన్నది బిడ్డా, సెల్లు ఆగిపాయె," అంది అత్త. "పిల్లను గిప్పుడు మా ఇంట్లకే తెచ్చిన్రు, పరేషాన్ గావద్దని మా చిన్నన్న పెండ్లి ముచ్చట చెప్తున్న. ఊరేగింపు కాడికి వచ్చేటాళ్లకు మల్లొక నొప్పి అందుకుంటున్నది." నర్సు అయోమయంగా నన్ను చూసింది. ఆ ముచ్చట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే కాబట్టి, "ఊరేగింపంటే చాలాసేపే సిస్టర్, అప్పటికి అందరి భోజనాలు కూడా అయిపోతాయి," అన్నాను. కాసేపటికి, ముచ్చట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటే, లగ్గం దగ్గరికే నొప్పి వచ్చింది. ఆ తర్వాత పెళ్లిచూపుల దగ్గరికే. నర్సు కూడా ముచ్చట వరుస నేర్చేసుకొని, "పెళ్లిచూపులకు ఇంకా ఇల్లు దాటలేదా?" అని అడుగుతూ పక్క బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. చివరికి అత్త గొంతు మారిపోయింది. "ముచ్చట మొదలువెట్టుడే అయితలేదే కోడలా," అంది. ఆమె భయపడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

అప్పుడే జీపు నుంచి కబురు వచ్చింది, వాగు గట్టుకు చేరారు, పడవ దించుతున్నారు. మంచం మీద పిల్లను వాగు దగ్గరికి తెమ్మన్నాను. "తెస్తున్నరే. పిల్ల నా కొంగు ఇడుస్తలేదు. నేను సుత పోతున్న. నీ డబ్బా నువ్వు చూసుకో," అంది అత్త. అంతే. ఇక ఆ వైపు నుంచి గరగర తప్ప ఏమీ లేదు. అత్త మాట్లాడకుండా ఉంటే ఎంత బాగుండునని చిన్నప్పటి నుంచీ మా ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఆ పూట ఆ మౌనాన్ని నేను భరించలేకపోయాను. వరండాలో ఎవరూ టీ కూడా తాగలేదు.

చాలాసేపటికి జీపు సెట్టు నుంచి, జైనూర్ ఆసుపత్రి బయటి నుంచి, తెలిసిన గొంతు వచ్చింది. "కోడలా. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు." అని, బటన్ వదిలేసింది. చుక్క-గీత సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత పొందికైన సందేశం తన శిష్యుల్లో ఎవరూ ఇవ్వలేదని తర్వాత అన్నారు. నాకు మాత్రం అది చాల్లేదు. "ఇగ చెప్పు అత్తా," అన్నాను. "ఇగ ఏం చెప్పాలెనే," అని అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఒర్రె తగ్గాక ఇల్లు చేరిన బావ, సెట్టు మంచిగా పనిచేసిందా అని అడిగాడట. "సెట్టేం పనిచేసిందిరా, నేను చేసిన," అందట అత్త.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు ఈ విద్య నేర్పుతున్నాను. మా ఆదివారం అభ్యాసాల్లో ఎవరూ ఓవర్ అనరు. మాట ముగించి "ఇగ చెప్పు అత్తా" అంటారు. అవతలివాళ్లు "విన్ననే కోడలా" అని మొదలుపెడతారు. మీసాలొచ్చిన మగపిల్లలు కూడా అంతే గంభీరంగా అంటారు. బయటి జిల్లాల వాళ్లు అదేదో రహస్య సంకేతమనుకుంటారు. అత్తకు ఈ సంగతి చెబితే, "మరి పిలిచినప్పుడు పలుకకుంటే మంచిగుండదే, నాకో డబ్బా పంపు," అంది.

మొన్నటి ఆదివారం అభ్యాసంలో పిల్లలకు తక్కువ మాట్లాడటం ఎంత ముఖ్యమో చెబుతున్నాను. చెబుతూ చెబుతూ ఆ ముసురూ, ఆ వరండా, అత్త దండెం, ఊరేగింపు ముచ్చట, చుక్క-గీత సారు కళ్లద్దాలూ అన్నీ గుర్తొచ్చాయి. అన్నీ చెప్పాను. దగ్గు వచ్చి బటన్ వదిలేసరికి, మా గుంపులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి గొంతు చాలా మర్యాదగా వినిపించింది. "మేడం, మీరు ఊరేగింపు దాటి చాలాసేపయింది. మేం మధ్యల మాట్లాడుదామంటే బటన్ మీ చేతులనే ఉండె." ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. చివర్లో ఆ పిల్ల, నియమం ప్రకారమే, "ఇగ చెప్పు అత్తా," అంది. ఇన్నేళ్లుగా వింటున్న మాటే, ఈసారి సరిగ్గా నన్నే పిలిచినట్టయింది. బటన్ నొక్కి, "విన్ననే కోడలా," అన్నాను, ఇంకేమీ కలపకుండా వదిలేశాను.