సబ్బు తిన్న కుళాయి

మొన్న తాడేపల్లిగూడెంలో మా మనవరాలింట్లో స్నానాలగది కుళాయి మూసుకుపోతే, బాగుచెయ్యడానికి వచ్చినతను దాని మూతిలోంచి తెల్లటి పెచ్చులు గీకి నా ముందు పోసి, "సున్నం నీళ్ళండి మామ్మగారూ, నురగ రానివ్వవు. ఎంత సబ్బయినా తినేస్తాయండి" అని ఎంతో మామూలుగా అనేసి తన పని చేసుకుపోయాడు. నేను చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. నేను మొత్తుకుంటే ఎవరూ నమ్మని మాటని, ఈ ముక్కూ మొహం తెలియని మనిషి, ఇవాళ ఎండగా ఉందన్నట్టు చెప్పేశాడు!

నా ఈడువాళ్ళకి తెలుసు, ఆ పందొమ్మిదివందల ముప్ఫైలలో ఏలూరులో కూడా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రావడమంటే ఎంత వింతో. మా మామగారు పెరట్లో లోతుగా గొట్టం దింపించి, చేతిపంపుతో డాబా మీది తొట్టిలోకి నీళ్ళెక్కించి, కుళాయిలు పెట్టించారు. చుట్టాలొస్తే మంచినీళ్ళివ్వడం కంటే ముందు కుళాయి చూపించేవారు. నేనూ ఆ కుళాయీ ఆ ఇంట్లోకి ఒకే ఏడు అడుగుపెట్టాం. అదే నా కొంప ముంచింది. తాగడానికీ వంటకీ మాత్రం కావిడివాడు తెచ్చే కాలవ నీళ్ళే వాడేవారు. కుళాయి నీళ్ళతో ఒక్క పూట పప్పు పెట్టి ఉంటే, అది ఉడక్క, వాటి గుట్టు ఆనాడే బయటపడేది. నా ఖర్మ, పెట్టలేదు.

కొల్లేటి పక్క మండవల్లి నుంచి వచ్చిన నాకు ఆ నీళ్ళు మొదటినుంచీ అంతుపట్టలేదు. తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచయ్యేది, మామగారి పంచెలు ఎంత జాడించినా అట్టలా బిగుసుకునేవి, రాగికాగు లోపల తెల్లగా పొర కట్టేది. ఇక సబ్బంటారా, ఎంత రుద్దినా విరిగిన పాలలా తరకలు తేలేవే గాని నురగన్నది లేదు, కొత్త బిళ్ళ కళ్ళముందే అరిగిపోయేది. కుళాయి మామగారి పరువు, నేను నిన్నగాక మొన్న వచ్చిన కోడలిని. నేరం ఎవరిమీద పడుతుందో వేరే చెప్పాలా? సబ్బంతా పుట్టింటికి చేరేస్తున్నానని, తాళాల గుత్తి చేతిలో ఉన్న మా ఆయన అక్కగారు, మా వదినగారు, తేల్చేసింది.

ఆ రోజుల్లోనే మా అన్నయ్య కుండలో కొరమేనులు పట్టుకుని పడవ మీద నన్ను చూడ్డానికొచ్చాడు. భోంచేసి బయల్దేరుతుంటే వదినగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఏవండీ, ఆ సంచీ ఓసారి గుమ్మరిస్తారా? మా సబ్బుబిళ్ళలు పొరపాటున మీ వెంట వచ్చేస్తున్నాయేమోనండి" అంది. ఎంత మర్యాదగా అందో! ఆ మర్యాదకే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నయ్య మొహం పాలిపోయింది. సంచీ అరుగు మీద గుమ్మరించాడు. ఓ పంచె, ఓ తువ్వాలు, తన కూతురికి కొన్న చెక్కబొమ్మ. "అయితే ఈసారికి పంపలేదన్నమాట" అంది వదినగారు. మా ఆయన చదువుతున్న పేపరు కిందికి దించలేదు, అదీ నేను మరిచిపోలేదు. అన్నయ్య అన్నీ సర్దుకుని, "వెళ్ళొస్తానండి అత్తయ్యగారూ" అని మా అత్తగారితో చెప్పి వెళ్ళిపోయాడు. అన్నాడే గాని, మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాత ఏలూరు వస్తే పడవల రేవులోనే ఆగి కావిడివాడితో కబురంపేవాడు. ఏదో ఒక వంకతో నేనే వెళ్ళేదాన్ని. ఉతికే బట్టల వంకతో అలా వెళ్ళిన మొదటిరోజు, కాలవలో పంచె తడిపి, ఇంట్లోంచి తెచ్చిన అదే సబ్బుముక్క రుద్దానో లేదో, గుప్పెళ్ళకొద్దీ నురగ! నిర్ఘాంతపోయాను. దొంగ ఎవరో తెలిసిపోయింది. నువ్విక్కడే ఉండు, ఇంట్లోవాళ్ళే వచ్చి నిన్ను పిలుచుకెళ్తారని అన్నయ్యకి చెప్పి, తడిబట్టలతోనే ఇంటికి పరిగెత్తాను.

వదినగారు అంతా విని, "చూశావా అమ్మా! నురగొచ్చే మంచి సబ్బు ఎక్కడో దాచింది, మనకి మొద్దుది పడేస్తోంది" అని వాళ్ళమ్మకి చెప్పింది. మా అత్తగారు నిజమేనన్నట్టు తలూపారు. రేవుకి రండి, మీరే రుద్ది చూడండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇంట్లో కుళాయి పెట్టుకుని రేవులో బట్టలుతికితే నలుగురూ నవ్వరా అన్నారు మామగారు. అంతే, ఆ విచారణ అక్కడితో సరి.

నేను ఒక్కదాన్నే తిరిగి వెళ్ళేసరికి అన్నయ్య కాళ్ళు కడుక్కుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, జుట్టు చేత్తో దువ్వుకుంటూ సిద్ధంగా నిలబడి ఉన్నాడు. నా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "పోన్లే చెల్లాయ్, ఇక్కడే గాలి బాగుంది" అని మెట్టు మీద కూర్చున్నాడు. నా పిల్లలందర్నీ ఆయన మొదటిసారి ఎత్తుకున్నది ఆ రేవులోనే.

క్షమించెయ్యవచ్చు కదా అంటారు మా పిల్లలు. క్షమించమని అడిగినవాళ్ళుంటే కదా! వదినగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో గొణిగితే, ఇన్నాళ్ళకి ఆ మాటే అంటోందనుకుని చెవి దగ్గరగా పెట్టాను. మజ్జిగ అడిగింది. ఇచ్చాను.

ఇప్పుడా కాలవలో పడవలు తిరగవు. పుట్టింటివాళ్ళు బస్సు దిగి తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తారు, సబ్బెంత అరిగిందో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ ఇల్లు పడగొట్టి దుకాణాలు కట్టారు, మా అన్నయ్యా పోయాడు. ఆయన వచ్చినప్పుడల్లా కూరా అన్నం మూటకట్టుకెళ్ళి రేవు మెట్ల మీద ఆకు పరిచి వడ్డించాను గాని, నా ఇంట్లో పీట వేసి మళ్ళీ ఒక్కపూట అన్నం పెట్టుకోలేకపోయాను.