దేవుని అల్మార దగ్గర గీపెట్టిన రేడియో

రాసుకుంటున్నావా బిడ్డా? నా మాటల్ని నువ్వు పుస్తకాల భాషలోకి మార్చుకుంటే మార్చుకో, కానీ మనుషులు మాట్లాడుకున్నవి మాత్రం మార్చకు. ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి. నువ్వప్పుడు కోరుట్ల హాస్టల్లో ఉన్నావు, నీకు ఇందులో సగమే తెలుసు.

మీ అక్కకు అది జగిత్యాలలో ఇంజనీరింగు ఆఖరి ఏడు. చైనాలో ఒక స్టేషన్ ఉందట. అది పాటలు వేయదు, వార్తలు చెప్పదు. సెకనుకొక దెబ్బ కొడుతూ టైం ఒక్కటే చెబుతుందట. ఆ దెబ్బల్ని ఇక్కడ పట్టుకుని గడియారాన్ని సరిచేసుకునే రేడియో ఒకటి మీ అక్క తయారు చేసింది. దానికి నల్లటి కడ్డీ ఒకటి, కడ్డీ నిండా సన్నటి రాగి తీగ. ఆ తీగ చుట్టింది నేనే. సిరిసిల్లలో ఉండి నూలు కండెలు చుట్టని చెయ్యి ఉంటుందా? అయినా మొదటిసారి పోగు మీద పోగు ఎక్కిందని మీ అక్క మొత్తం విప్పించింది.

"ఫోన్ల టైం ఉండంగ గీ చైనా టైం ఎందుకే?" అన్నాను.

"ఫోన్‌కు టవర్ గావాలె బాపమ్మా. టవర్ లేని కాడ గూడ గిది తప్పు జెప్పది."

సరే, అది చెప్పినా చెప్పకపోయినా తెల్లవారితే జగిత్యాలలో సార్లకు చూపించాలి. ఇంట్లో పట్టిన దెబ్బల రికార్డు తీసుకుపోవాలి. లేకపోతే ప్రాజెక్టు లేనట్టే, చదువు పూర్తి కానట్టే, హైదరాబాదులో దొరికిన నౌకరీ పోయినట్టే. అంతకుముందు పట్టాలని చూసిన రోజుల్లో కూడా దానికి ఒక్క దెబ్బ చిక్కలేదు. పొద్దుగూకితేనే అంత దూరం నుంచి వినబడుతుందట. ఆ సాయంత్రం తప్పితే ఇంకో సాయంత్రం లేదు. ఊరి బయటికి తీసుకుపోదామంటే వాన.

నా సంగతి నీకు తెలుసు కదా. పొయ్యి మీద పాలు వేడెక్కకముందే పొంగాయని కేక పెట్టేదాన్ని. ఆ రోజు దీపాలు పెట్టే వేళకు మీ అక్క రేడియో ముందు కూర్చుంది. రేడియోలో జుయ్యిమని ఒకటే చప్పుడు. దెబ్బ లేదు, పాడు లేదు. మీ అక్క పెదవి కొరుక్కుంటూ, "గింత మంచి జల్లెడ వెట్టిన బాపమ్మా, అయినా ఆగుతలేదు" అంది. అక్కరలేని చప్పుళ్ళను ఆపి, చైనా దెబ్బను ఒక్కదాన్నే వదలడానికి లోపల ఏదో పెట్టింది, దాన్నే నాకు అర్థమయ్యేటట్టు జల్లెడ అనేది.

పక్క షెడ్డులో సాంచెలు ధనధనమని నడుస్తున్నాయి. ఇంకేముంది, ఆ మగ్గాల మోటార్లదే తప్పనుకున్నాను. కొంగు తల మీద వేసుకుని వానలోనే పరుగెత్తాను.

"కొడుకా, జరసేపు సాంచెలు బంద్ వెడ్తవా? పిల్ల చైనా టైం పట్టాలె."

షెడ్డు ఆయన నూలు తెంపుకుంటూ నవ్వాడు. "గదేంది పెద్దమ్మా! మన టైమే మంచిగ లేదు, ఇగ చైనోని టైం దెచ్చుకుంటరా?"

"పరాచికాలు పొద్దుగాల ఆడు. పిల్ల ఏడ్సెటట్టుంది."

"సరే పో. చాయ్ తాగొస్త. నేను అచ్చెదాక మీ టైమే."

సాంచెలు ఆగాయి. వాన చప్పుడు వినబడింది. ఇంట్లోకి వచ్చి చూస్తే రేడియోలో జుయ్యిమనడం అట్లాగే ఉంది! మీ అక్క కడ్డీని చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఫ్రిజ్ దగ్గర చప్పుడు తగ్గింది. మీ అమ్మ పడుకున్న మంచం దగ్గర ఇంకా తగ్గింది. దేవుని అల్మార దగ్గరికి పోగానే గీపెట్టింది.

అల్మారలో ప్లగ్గుకు పెట్టిన నామాల పెట్టె ఉంది. అరచేయంత ప్లాస్టిక్ పెట్టె, ఒకే దేవుని నామాన్ని మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. మీ అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. దానికి తెలుసు. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక జ్వరం పట్టి మీ అమ్మ కరీంనగర్ దవాఖానలో కళ్ళు తెరవకుండా పడి ఉన్నప్పుడు, ఆ పెట్టె వేశాను. మీ అమ్మ కళ్ళు తెరిచింది, ఇంటికొచ్చింది. అయినా అప్పటికింకా గోడ పట్టుకునే నడుస్తోంది, మళ్ళీ పరీక్షలకు రమ్మన్నారు. ఆ పెట్టెను నేను ఒక్కసారి కూడా ఆపలేదు.

"జల్లెడల గిది ఆగదా బిడ్డా?"

"ఆగది బాపమ్మా. గీ పెట్టెది, చైనాది, రెండు గింజలు ఒక్క తీరుగనే ఉన్నయి. ఏది ఉంచాలెనో జల్లెడకు తెల్వది." మెల్లగా అంది, "కరెంట్ వోయినప్పుడు ఆగుతనే ఉంటది గదా."

"కరెంట్ వోతె దేవుడు తీసినట్టు. నా చేత్తోని తీస్తె నేను తీసినట్టు."

ఎదురు చెప్పినా బాగుండేది, తిట్టేదాన్ని. స్విచ్ దాకా చెయ్యి పెట్టాను, వెనక్కి తీసుకున్నాను. బయట నుంచి షెడ్డు ఆయన కేక వేశాడు, "పెద్దమ్మా, చాయ్ అయిపోయింది!"

మీ అమ్మ మంచం దిగి గోడ పట్టుకుని వచ్చింది.

"గిది నా కోసమే గదా అత్తమ్మా నడిచేది? నేనే తీస్త."

"ముట్టకు పిల్లా! నీ మీదికే అస్తది."

"అస్తె రానీ. నా బిడ్డ సదువు వోతె నీ పెట్టె తెచ్చిస్తదా?"

టక్కున తీసేసింది. రేడియోలో జుయ్యిమనడం కోసినట్టు ఆగిపోయింది.

"నామం నోటితోని అనుకుంటె రేడియోకు అడ్డమస్తదా బిడ్డా?"

"రాదు బాపమ్మా. అడ్డమచ్చింది పెట్టె కరెంటే, నామం గాదు. ఎంతన్న అనుకో."

అందుకున్నాను నామం. పక్కన సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి, వాటి చప్పుడును జల్లెడ ఆపేసింది. అప్పుడు వినబడింది. టప్, టప్, టప్. చిన్న ఎర్ర లైటు దాంతోపాటే వెలిగి ఆరుతోంది. నేను సంతోషపడబోతున్నాను, అంతలో ఒక దెబ్బ తప్పింది. చప్పుడు లేదు, లైటు లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మీ అమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

"ఓ పిల్లా!" అని అరిచాను.

మీ అమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "ఏందత్తమ్మా?"

"బాపమ్మా, గా దెబ్బ వాళ్ళు కావాల్ననే ఇడిసిపెడ్తరు," అంది మీ అక్క, రికార్డు చేస్తున్న కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఇరువై సెకన్లకొకపారి. గా ఖాళీ జాగ కాడ్నించే లెక్క సురువైతది."

కావాలని విడిచిపెడతారట! తెలిశాక కూడా ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నా కళ్ళు మీ అమ్మ మీదికే పోయాయి.

"నన్నే సూడకు అత్తమ్మా, నవ్వస్తుంది."

"నవ్వు. నువ్వు నవ్వుతుంటె నాకు నిమ్మళం."

గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళు తాగడానికి ఆపాలన్నా భయమే. మీ అమ్మ గ్లాసు అందించి, నేను తాగేదాకా నామం తానే అంది. ఎప్పటికో మీ అక్క చెయ్యెత్తి, "అయిపోయింది బాపమ్మా, చాలు" అంది. అది చాలన్నది రికార్డు గురించి. నేను వెంటనే ఆపలేదు.

తెల్లారి మీ అక్క జగిత్యాల నుంచి ఫోన్ చేసింది. సార్లు ఒప్పుకున్నారట. ఏడుస్తూ చెప్పింది, నేను కూడా ఏడ్చాను. మీ అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చాయ్ కాస్తోంది.

ఆ పెట్టె స్విచ్ మళ్ళీ వేయలేదు. ధైర్యం వచ్చిందని రాస్తావేమో, రాయకు. వేస్తే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఆపాల్సి వస్తుంది కదా, అప్పుడు ఎవరి చెయ్యి పడుతుందోనని భయం. అందుకే నోటితోనే అనుకుంటున్నాను. మీ అమ్మ దవాఖానలో పరీక్షలకు పోయిన రోజు బస్సులో కూడా అనుకుంటూనే కూర్చున్నాను. పక్కనున్న ఆమె, "ఏం లెక్కవెడ్తున్నవవ్వా?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు.