ఎర్ర రంగు పూసిన ముక్క

మా ఆయన పనితనానికి మచ్చ తెచ్చింది నేను. ఈ మాట ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉంది. ఆయన బతికుండగా చెప్పలేదు, పోయాకా చెప్పలేదు. ఈ కాగితం చదివే మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

సత్తెనపల్లిలో మాకు లేత్ షాపు ఉండేది. కారం మిల్లుల షాఫ్టులు, పత్తి మిల్లుల బుష్‌లు, బోరు మోటార్ల పని. నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ షాపులో సరుకంతా నా చేతి మీదే నడిచేది. ఒక్క ఇనుప ముక్క పారేయనిచ్చేదాన్ని కాదు.

పెళ్ళిళ్ళకి వీడియో తీసే సాల్మన్ మా చర్చి సంఘం అబ్బాయే. ఒకరోజు పెద్ద సంచీ మోసుకొచ్చాడు. అందులో ఛాతీకి కట్టుకునే జాకెట్టు, దానికి తగిలించే స్ప్రింగుల చెయ్యి. ఆ చెయ్యి చివర కెమెరా పెట్టుకుని నడిస్తే బొమ్మ ఊగదట. ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. చేసిన కంపెనీ విడిభాగాలు ఇవ్వడం ఎప్పుడో మానేసింది. కీలు దగ్గర పిన్ను అరిగిపోయింది. మా ఆయన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసి, చేద్దాంలే అన్నారు.

ఆ పిన్ను కుదిరింది. ఇక దర్శి నుంచి, దాచేపల్లి నుంచి కూడా వీడియోలవాళ్ళు పాత సామాను పట్టుకుని రావడం మొదలైంది. పనయ్యాక ఆయనే ఆ జాకెట్టు తొడుక్కుని, కెమెరా బదులు ఇటుక కట్టుకుని, వీధిలో అటూ ఇటూ నడిచేవారు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు మేస్త్రిగారు యుద్ధానికి బయల్దేరారని నవ్వేవాళ్ళు. ఆయన నవ్వకుండా మోకాళ్ళు వంచి ఇంకా మెల్లగా నడిచేవారు. ఇటుక కదిలేది కాదు. కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తుండేదాన్ని. ఆ నడక చూడ్డం నాకెంత ఇష్టమో ఆయనకి ఎప్పుడైనా చెప్పానా? లేదు. కాఫీ చల్లారిపోతోందని కసిరేదాన్ని.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. చూడ్డానికి కడ్డీలన్నీ ఒకటే. అందుకని గట్టి రకం కొసకి ఎర్ర రంగు పూసి పెట్టేవాళ్ళం. మెత్త రకానికి ఏ రంగూ ఉండదు. ఆయన రంగు చూసి ముక్క తీసుకునేవారు. రంగు పూసేది నేను.

మళ్ళీ ఒకసారి సాల్మన్‌కి కొత్త పిన్ను కావాల్సి వచ్చింది. గట్టి కడ్డీ అయిపోయింది. గుంటూరు వెళ్ళి తెమ్మన్నారు. వేలెడు ముక్క కోసం నిలువెత్తు కడ్డీ కొనాలా అని నాకు ప్రాణం ఒప్పలేదు. గేటు పనిలో మిగిలిన మెత్త ముక్క ఒకటి మూల పడి ఉంది. దానికి ఎర్ర రంగు పూశాను. పొరపాటున కాదు, తెలిసే పూశాను. గేటుని మోసే ఇనుము కెమెరాని మోయదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లేత్ మీద పెట్టగానే ఆయనకి తేడా తెలిసింది.

"ఏమే, ఇది వెన్నలా తెగుతోంది. గట్టిదేనా?"

"టూలు నిన్ననేగా సాన పెట్టారు. తెగక ఏం చేస్తుంది?"

"అబ్బో, పని నేర్చేశావే. రేపట్నుంచి నువ్వే నిలబడు లేత్ దగ్గర."

నేనూ నవ్వాను.

చర్చిలో పెళ్ళి. పెళ్ళికూతురు నడిచొస్తుంటే సాల్మన్ ఎదురుగా వెనక్కి నడుస్తూ తీస్తున్నాడు. పిన్ను, గాడి తీసిన చోట తెగింది. కెమెరా నేల మీద పడి ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు ఆ తెగిన పిన్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట తూలలేదు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "గాడి లోతు ఎక్కువ తీశానురా. నా చెయ్యి తప్పింది" అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. ఎందుకు తెరవలేదు? ఆయనంటే భయమా? నా మీద ఏనాడూ గొంతు లేపిన మనిషి కాదు. పొదుపులో, జాగ్రత్తలో నన్ను మించినవాళ్ళు లేరని నలుగురూ అనే ఆ పేరు పోతుందేమోనని, అంతే. నా పేరు కాపాడుకోవడానికి ఆయన పేరు వదిలేశాను.

ఆ తర్వాత కెమెరా సామాను ఎవరు తెచ్చినా, ఆ సన్నపని తనకిక రాదని పంపేసేవారు. మళ్ళీ జాకెట్టు తొడుక్కోలేదు. వీధిలో నడవలేదు. ఆ ముక్క సంగతి ఆయనకి తెలిసీ ఊరుకున్నారేమోనని ఒక్కోసారి ఆశపడతాను. ఆ ఆశ కూడా నా సుఖం కోసమే కదా.

చర్చిలో బల్ల, అదే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం, తీసుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమంటారు. కసిరింది, విసుక్కుంది, పక్కింటావిడ మీద చాడీ చెప్పింది, అన్నీ దేవుడికి చెప్పుకున్నాను. ఇదొక్కటి దాటేసి రొట్టెకి చెయ్యి చాచాను.

మొన్న ఆరాధన అయ్యాక సాల్మన్ ఎవరితోనో మా ఆయన గురించి చెబుతున్నాడు. బంగారంలాంటి పనివాడు, ఆఖర్లో చెయ్యి తప్పింది గానీ అన్నాడు. అని నావైపు చూశాడు. నేను తలూపాను.

ఇంటికొచ్చి కాగితం తీసుకున్నాను.

తప్పలేదు. ఆయన చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. ముక్క మార్చింది నేను. సాల్మన్ ఎదుట నిలబడి ఈ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. నేను కాక ఇంకొకరికి తెలిసింది. ఇవాళ్టికి గొంతుకి కాస్త తెరిపి దొరికింది.