మా వ్యాను నడినెత్తిన యాంటెనా

మా ఆయనకు రేడియోల పిచ్చి. లైసెన్సు తెచ్చుకుని, ఏలూరులో మా వంటగది పక్కన అటూ ఇటూ మాట్లాడుకునే సెట్టు ఒకటి, మారుతి వ్యానులో ఇంకొకటి పెట్టుకున్నారు. మూడేళ్ల కిందట వానలకు కొల్లేరు ఊళ్ళలో ఫోన్లు పోతే, కబుర్లు అందించడానికి వ్యానులో వెళ్ళారు. భీమడోలు దాటి కొల్లేరు గట్టెక్కాక సెట్టులో ఆయన గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా నేను సెట్టు ముందు నుంచి లేవలేదు. యాంటెనా వెనక బంపరు మీద ఉండటం వల్లే అలా అయిందట. అక్కడ పెట్టించింది నేనే. బండి నడినెత్తిన చిల్లు పెట్టి బిగిస్తానని ఆయన అంటే, “పసుపు రాసి పూజ చేసిన బండికి చిల్లు పెడతారా? వాన కారదూ?” అని అడ్డం పడ్డాను. ఆయన బంపరుకే బిగించుకున్నారు. పోయిన శీతాకాలం గుండెనొప్పితో వెళ్ళిపోయారు. ఇప్పుడు వానల్లో సాయానికి ఆ వ్యాను కావాలని తాడేపల్లిగూడెంలో ఉండే ఆయన స్నేహితుడు మస్తాన్ గారు అడిగారు. యాంటెనా చోటు మార్పించాకే ఇవ్వాలనుకున్నాను.

పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. గ్యాసు కట్టానో లేదోనని భీమడోలు దాకా ఒకటే బెంగ. “తాళం కూడా సరిగ్గా పడిందంటావా?” అన్నాను డ్రైవరు సత్తిబాబుతో.

“మూడుసార్లు లాగి చూశారండి అమ్మగారూ. ఇంకోసారి లాగితే తలుపే ఊడొచ్చేదండి.”

ఉంగుటూరులో కాలవ పక్కన పాకహోటల్లో పెసరట్టు తిన్నాం, ఇద్దరికీ ముప్పై రూపాయలు. ఎనిమిదింటికి గూడెం చేరాం. మస్తాన్ గారు వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగారు.

“బంపరు మీదుంటే బండి ఒళ్ళే అడ్డమండి వదినగారూ. అద్దం పక్కనైతే ఒకవైపే బలం. నడినెత్తిన అయితే చుట్టూ సమానంగా వెళ్తుందండి. చిల్లు ఇష్టం లేకపోతే అయస్కాంతం దిమ్మతో నిలబెడతాను.”

“అదే పెట్టండి బాబూ, పసుపు రాసిన బండండి,” అన్నాడు సత్తిబాబు. అచ్చం నా మాటే.

“చిల్లే పెట్టండి,” అన్నాను.

డ్రిల్లు రేకుకు తగిలినప్పుడు మొహం తిప్పుకున్నాను. రబ్బరు వాచరు వేసి యాంటెనా బిగించి, చుట్టూ గమ్ము పూసి, ఆరేదాకా ఆగమన్నారు. ఆరాక దాని మీద రెండు చెంబుల నీళ్ళు పోయించి, లోపల పైరేకు చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది. మస్తాన్ గారు కూలి పుచ్చుకోలేదు. బయటైతే మూడొందలు అవుతుందట.

పదకొండింటికి మస్తాన్ గారిని ఎక్కించుకుని వెనక్కి వచ్చి, భీమడోలులో ఎడమకు తిరిగి కొల్లేరు గట్టెక్కాం. ఎటు చూసినా చేపల చెరువులు, కొంగలు. మా ఆయన గొంతు ఆగిపోయిన చోటు ఇదేనట. బండిని నాలుగు వైపులా తిప్పించి, ప్రతిసారీ మస్తాన్ గారు మాట్లాడారు. ప్రతిసారీ గూడెం నుంచి వాళ్ళావిడ ఫాతిమా గారు బదులిచ్చారు.

“వినపడుతోందండీ! మీరు ఆవలించింది కూడా వినపడింది. తిండి తిన్నారా, లేదా?”

నాకు నవ్వొచ్చింది.

“ఇంకెవరినైనా పిలవమంటారా వదినగారూ?” అన్నారు మస్తాన్ గారు.

“మా ఇంటికి చెప్పండి.”

“ఇంట్లో ఎవరున్నారండి?”

“ఎవరూ లేరండి. సెట్టు వేసే వచ్చాను.”

మస్తాన్ గారు మైకు తీసుకుని, “ఏలూరు, కొల్లేరు గట్టు మీద నుంచండి. వ్యాను క్షేమం. వదినగారు సాయంత్రానికి ఇల్లు చేరతారు,” అని చెప్పి ఆగారు. సత్తిబాబు ఇంజను ఆపేశాడు. సెట్టులోంచి గాలి వీచినట్టు హోరు తప్ప ఏమీ రాలేదు.

వానలు మొదలవగానే వ్యాను పంపుతానని చెప్పి, మస్తాన్ గారిని భీమడోలులో బస్సెక్కించి, నాలుగింటికి ఇల్లు చేరాను. గ్యాసు కట్టే ఉంది. సెట్టు మీద చిన్న దీపం వెలుగుతోంది. ఈ చిల్లు ఆయన అడిగినప్పుడే ఒప్పుకుని ఉంటే, ఆ సాయంత్రం అంత ఏడ్చేదాన్ని కాదు, ఆయన తడిసిన బట్టలతో నవ్వుతూ వస్తే కసిరేదాన్నీ కాదు. పొయ్యి దగ్గర నిలబడి సెట్టు వైపు చూశాను. గట్టు మీద నుంచి చెప్పిన ఆ మాట ఇక్కడికి బాగానే వినపడి ఉంటుంది.

మీరు బండికి యాంటెనా పెట్టిస్తుంటే నడినెత్తిన పెట్టించండి. చిల్లు మీద నీళ్ళు పోసి చూసుకోండి. వెళ్ళాల్సిన చోటికి ముందే వెళ్ళి, బండిని నాలుగు వైపులా తిప్పి మాట్లాడి చూడండి. ఆ పనేదో ఇంట్లో వినే మనిషి ఉన్నప్పుడే చేయండి.